తెరచాప పడవ స్టీరింగ్ చక్రం ఊడదీసి కొత్త తోలు వేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

పడవ చక్రానికి తోలు మార్చాలనుకునే వారందరికీ ఇంచుమించు అవే సందేహాలు వస్తాయి. చక్రం ఊడి రావడం లేదని కొందరు, తోలు ఎంత వెడల్పు కోయాలని కొందరు, కుట్టు మెలిక తిరిగిపోయిందని మరికొందరు అడుగుతూనే ఉంటారు. ఆ ప్రశ్నలన్నిటినీ పని జరిగే వరుసలో ఇక్కడ చేర్చాను. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు. మీ పని ఎక్కడ ఆగిందో నేరుగా అక్కడికి వెళ్లండి.

## మొదలుపెట్టే ముందు

చక్రం ఊడదీయకుండానే తోలు వేయవచ్చా?

వేయవచ్చు. పెడెస్టల్ (చక్రాన్ని మోసే స్తంభం) మీద ఉండగానే కుట్టినవారు చాలామంది ఉన్నారు. కానీ కుట్టు చక్రం లోపలి వైపు వస్తుంది కాబట్టి ఆరేడు గంటలు మెడ వంచుకుని, చువ్వల మధ్య చేతులు దూర్చి పనిచేయాలి. బల్ల మీద పెట్టుకుంటే చక్రాన్ని మీకు కావలసిన వైపు తిప్పుకోవచ్చు, దారం సమానంగా లాగవచ్చు. అంతకంటే పెద్ద కారణం ఇంకొకటి ఉంది. చక్రం తీసినప్పుడే హబ్ (చువ్వలన్నీ కలిసే చక్రం నడిమి భాగం) లోపలి వైపు, ఇరుసు, ఆ రెంటినీ కలిపి తిప్పే చిన్న లోహపు ముక్క కీ ఎలా ఉన్నాయో కంటికి కనిపిస్తుంది. ఎన్నో ఏళ్లుగా కదలని చక్రమైతే దాన్ని ఒకసారి తీసి శుభ్రం చేయడం తోలు మార్చడమంత అవసరమైన పని.

పడవ నీళ్లలో ఉండగా చక్రం తీస్తే ప్రమాదమా?

జెట్టీకి గట్టిగా కట్టి ఉన్న పడవైతే ఫరవాలేదు. ఒడ్డున దిమ్మల మీద ఉంటే ఇంకా మంచిది. లంగరు వేసి ఉన్నప్పుడు మాత్రం వద్దు. గాలి మారి లంగరు జారితే పడవను తిప్పడానికి చేతిలో ఏమీ ఉండదు. ఎక్కడున్నా ముందుగా అత్యవసర టిల్లర్‌ను (చక్రం లేనప్పుడు చుక్కానిని నేరుగా తిప్పే పిడిని) బయటికి తీసి, అది చుక్కాని కాడ మీద సరిగ్గా కూర్చుంటుందో లేదో చూడండి. ఆ టిల్లర్‌ను ఒక్కసారి కూడా పెట్టి చూడని పడవలు ఎన్నో ఉన్నాయి. చక్రం తీసి ఉన్నన్ని రోజులు ఇంజను తాళం దగ్గర "చక్రం లేదు" అని రాసిన చీటీ కట్టండి.

తోలా, కృత్రిమ తోలా, తాడు చుట్టాలా?

నా ఓటు తోలుకే. తడి చేతికి జారదు, చలిలో లోహంలా కొరకదు, వేసవిలో వేడెక్కినా కాల్చదు. క్రోమ్ పద్ధతిలో (క్రోమియం లవణాలతో) పదును చేసిన ఆవుతోలు, 1.2 నుంచి 1.4 మి.మీ. మందం ఉన్నది చక్రానికి బాగా కుదురుతుంది. మొక్కల బెరడుతో పదును చేసిన తోలు తడిపితే బాగా సాగి చక్రం అంచు గొట్టానికి అచ్చు పోసినట్టు పట్టుకుంటుంది కానీ, వానకూ ఉప్పునీటికీ త్వరగా నల్లబడి గట్టిపడుతుంది.

కృత్రిమ తోలుకు పోషణ అక్కర్లేదు, బూజు తక్కువ. అయితే అది తడిపినా బిగుసుకోదు కాబట్టి కొలత మి.మీ. తేడా లేకుండా ఉండాలి.

తాడు చుట్టడం పాత నావికుల పద్ధతి. ప్రతి చుట్టుకూ ఒక అరముడి వేస్తూ పోతే ముడులన్నీ కలిసి చక్రం చుట్టూ మెలికలాంటి గీతగా తేలతాయి, ఆ గీత వేళ్లకు మంచి పట్టునిస్తుంది. తాడు ఎంత పడుతుందో ముందే తెలుసుకోండి. 25 మి.మీ. గొట్టానికి 3 మి.మీ. తాడు చుడితే ఒక్కో చుట్టుకు దాదాపు 88 మి.మీ., మీటరు పొడవుకు 333 చుట్లు. అంటే గొట్టం ప్రతి మీటరు పొడవుకు 29 మీటర్ల తాడు, ముడులకు పోయేది అదనం.

మొత్తం ఎంత సమయం పడుతుంది?

36 అంగుళాల చక్రానికి కుట్టే పొడవు 2.7 మీటర్ల పైమాటే. 5 మి.మీ.కు ఒక రంధ్రం చొప్పున రెండు అంచుల్లో కలిపి దాదాపు 550 జతలు. మొదటిసారి చేసేవారు కుట్టుకు ఒక పూర్తి రోజు, చక్రం తీసి శుభ్రం చేయడానికి ఒక రోజు, తోలు ఆరడానికి రెండు రోజులు పెట్టుకోండి. చక్రం బిగుసుకుపోయి ఉంటే దాని లెక్క దానిదే.

## చక్రం ఊడదీయడం

నట్టు విప్పే ముందు ఏమేం చేయాలి?

చుక్కానిని సరిగ్గా మధ్యకు తెచ్చి, పైకి నిలబడిన చువ్వకు టేపు చుట్టండి. దాన్నే కింగ్ స్పోక్ అంటారు. చాలా పడవల్లో దానికి టర్క్స్ హెడ్ అనే అల్లిక ముడి వేసి ఉంటుంది, చీకట్లో చేత్తో తడిమి చుక్కాని మధ్యలో ఉందని తెలుసుకోవడానికి. తర్వాత హబ్‌నూ ఇరుసు చివరనూ కలుపుతూ మార్కర్‌తో ఒక గీత గీయండి. చక్రానికి బిగించిన ఆటోపైలట్ వలయం ఉంటే చువ్వల మీది క్లిప్పులు ముందే విప్పాలి.

కాక్‌పిట్‌లో (పడవ నడిపేవారు ఉండే పల్లపు చోటులో) నీరు పోయే రంధ్రాలను గుడ్డలతో మూసేయడం మరచిపోవద్దు. హబ్ కింద పాత తువ్వాలు పరవండి. చక్రం జారి వచ్చేటప్పుడు చిన్న లోహపు కీ కింద పడుతుంది. అది రంధ్రంలోంచి సముద్రంలోకి పోతే ఆ రోజుకు పని అయిపోయినట్టే.

నట్టు తిప్పుతుంటే చక్రం కూడా తిరిగిపోతోంది. ఎలా ఆపాలి?

చక్రానికి బ్రేకు ఉంటే బిగించండి. అది చాలకపోతే ఒక చువ్వను హబ్‌కు దగ్గరగా తాడుతో పట్టి, ఆ తాడును గట్టి క్లీటుకు (తాళ్లు కట్టే కొమ్ముకు) కట్టండి. చువ్వల మధ్య కర్ర దూర్చి ఆపే ప్రయత్నం చేయవద్దు. సన్నటి స్టీలు చువ్వలు వంగుతాయి, వంగిన చక్రాన్ని మళ్లీ సరిచేయడం చాలా కష్టం. నట్టుకు సరిపోయే సాకెట్ వాడండి. సర్దుకునే స్పానర్ జారితే నట్టు మూలలు అరిగిపోతాయి. మామూలుగా అది గడియారం తిరిగే దిశకు ఎదురుగా తిప్పితే వదులవుతుంది.

నట్టు వచ్చింది కానీ చక్రం కదలడం లేదు. సుత్తితో కొట్టవచ్చా?

కొట్టవద్దు. ఈ పేజీలో ఒక్క మాటే గుర్తుంచుకోగలిగితే ఇదే గుర్తుంచుకోండి. ఇరుసు చివర మీద కొట్టిన దెబ్బకు మరలు నలిగిపోతాయి, ఆ తర్వాత నట్టు ఎక్కదు. దెబ్బ అక్కడితో ఆగకుండా పెడెస్టల్ లోపలి బేరింగులకూ చేరుతుంది. చక్రం అంచు మీద కొడితే చువ్వల వెల్డింగు చిట్లుతుంది.

చక్రం ఎందుకు రావడం లేదో తెలిస్తే ఓపిక వస్తుంది. చాలా పడవల్లో ఇరుసు చివర సన్నగా కోసుగా ఉంటుంది, హబ్ రంధ్రమూ అదే కోణంలో ఉంటుంది. నట్టు బిగించినకొద్దీ రెండూ ఒకదానిలో ఒకటి ఇరుక్కుంటాయి. ఏళ్ల తరబడి ఉప్పు చేరి ఆ ఇరుకుకు తుప్పు తోడవుతుంది.

మొదట నట్టును మళ్లీ ఎక్కించి, ఇరుసు చివరతో సమానంగా ఉండేలా వదలండి. మరలకు అది రక్షణ. చక్రం ఒక్కసారిగా ఊడి మీ మీదికి రాకుండా కూడా అదే ఆపుతుంది. హబ్ రెండు వైపులా తుప్పు వదిలించే నూనె పోసి రాత్రంతా ఉంచండి. మర్నాడు మోకాళ్ల మీద కూర్చుని, చక్రాన్ని గడియారం ముఖంలా అనుకుని 12, 6 గంటల చోట్ల పట్టుకుని ఒకసారి పైభాగాన్ని, ఒకసారి కింది భాగాన్ని మీ వైపు లాగుతూ ఊపండి. తర్వాత 3, 9 గంటల చోట్ల పట్టుకుని అలాగే చేయండి. ఇరుకు వదిలినప్పుడు "టక్" మని చిన్న చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు విన్నప్పుడు కలిగే ఊరట చెప్పలేనిది.

నూనె పోసి రెండు రోజులైంది, అయినా రాలేదు. ఇంకేం చేయాలి?

బేరింగులు లాగే రెండు కాళ్ల పుల్లర్ తెచ్చుకోండి. దాని కాళ్లు హబ్ వెనక పట్టాలి, చువ్వలను పట్టకూడదు. ఇరుసు చివరకూ పుల్లర్ స్క్రూకూ మధ్య మెత్తని రాగి లేదా ఇత్తడి బిళ్ల పెట్టండి. బిగువు వచ్చేదాకా తిప్పి ఆపేయండి. ఒక గంట అలా వదిలేసి, ఇంకో పావు చుట్టు తిప్పండి. ఒత్తిడి ఎక్కువ కావడం కంటే ఎక్కువసేపు ఉండడమే పని చేస్తుంది.

దానికి తోడు వేడినీళ్లలో ముంచిన గుడ్డను హబ్‌కు చుట్టి ఉంచితే హబ్ కొద్దిగా వ్యాకోచిస్తుంది. మంట చూపించవద్దు. లోపల ప్లాస్టిక్ బుష్‌లు, గ్రీజు ఉంటాయి, పైగా మీరు పోసిన నూనె అంటుకుంటుంది. ఇంత చేసినా రాకపోతే చక్రాన్ని ఉన్నచోటే ఉంచి కుట్టడం తెలివైన పని. అందులో ఓటమి ఏమీ లేదు.

## పాత తోలు, దాని కింద లోహం

పాత తోలును ఎలా తీయాలి?

తోలును కోయకుండా కుట్టు దారాన్ని మాత్రమే కోయండి. చిన్న బ్లేడు మొన దారం కింద పెట్టి పైకి, మీకు దూరంగా లాగండి. తోలు ముక్కలు చిరగకుండా వస్తే వాటికి వరుస సంఖ్యలు వేసి దాచండి. చువ్వల దగ్గర గాట్లు ఎక్కడ పెట్టారో, రంధ్రాలు ఎంత దూరంలో ఉన్నాయో అవే చెబుతాయి. కొలతకు మాత్రం వాటిని నమ్మవద్దు. పాత తోలు కొన్నిచోట్ల సాగి, కొన్నిచోట్ల ముడుచుకుని ఉంటుంది. గొట్టానికి అంటిన జిగురును టర్పెంటైన్ లాంటి ద్రావకం అద్దిన గుడ్డతో తుడవండి.

తోలు తీస్తే కింద గోధుమ రంగు మరకలు కనిపించాయి. చక్రం పాడైనట్టా?

మరకలంటే పాడైనట్టు కాదు, కానీ పరీక్ష చేయకుండా మళ్లీ కప్పేయకూడదు. స్టెయిన్‌లెస్ స్టీలు తుప్పు పట్టకుండా ఉండాలంటే దాని ఉపరితలానికి గాలిలోని ఆక్సిజన్ తగులుతూ ఉండాలి. తడిసిన తోలు కింద ఉప్పునీరు నిలిచి, గాలి అందక పోతే అక్కడక్కడ సన్నటి గుంటలు పడతాయి. పైపై మరకలు సిట్రిక్ ఆమ్లం కలిపిన నీటితో తుడిచి, మంచినీటితో కడిగితే పోతాయి.

చువ్వ వచ్చి అంచును కలిసే ప్రతి వెల్డింగునూ భూతద్దంతో చూడండి. పత్తి ఉండను దాని చుట్టూ మెల్లగా రాయండి. కంటికి కనపడని చీలిక ఉంటే పత్తి పోగు అక్కడ చిక్కుకుంటుంది. చీలిక కనిపిస్తే మొదట వెల్డింగు చేయించాలి, తోలు సంగతి తర్వాత. గాలివానలో కెరటం పడవను తోసినప్పుడు చుక్కాని పట్టుకున్న మనిషి బరువంతా ఆ చక్రం మీదే పడుతుంది. అందమైన తోలు కింద చీలికను దాచడం కంటే తోలు లేకపోవడమే మేలు.

చెక్క చక్రానికి తోలు వేయవచ్చా?

వేయవచ్చు, కానీ చెక్క పూర్తిగా ఆరి, వార్నిష్ చక్కగా ఉన్నప్పుడే. తేమ పట్టిన చెక్క మీద తోలు బిగిస్తే లోపల కుళ్లు మొదలవుతుంది. తోలును తడిపి కుట్టే పద్ధతి ఇక్కడ వద్దు. సరైన కొలతకు కోసి పొడిగానే కుట్టండి.

## కొలత, కోత

తోలు ఎంత వెడల్పు కోయాలి?

సన్నటి కాగితపు పట్టీని గొట్టం చుట్టూ బిగుతుగా చుట్టి, రెండు పొరలు కలిసిన చోట గుండుసూదితో పొడవండి. పట్టీ విప్పి రెండు రంధ్రాల మధ్య దూరం కొలవండి. 25 మి.మీ. గొట్టానికి 78.5 మి.మీ. వస్తుంది. క్రోమ్ తోలుకు ఆ కొలతే వెడల్పుగా మొదలుపెట్టండి, ఏమీ కలపవద్దు. తోలుకు మందం ఉంటుంది కాబట్టి 1.3 మి.మీ. తోలు గొట్టం చుట్టూ తిరిగి రావడానికి నిజానికి మరో 4 మి.మీ. కావాలి. ఆ లోటును తోలు సాగి పూడుస్తుంది. బిగువు వచ్చేది అక్కడినుంచే.

తోలు తోలుకూ సాగుడు వేరు, ఒకే తోలులో వీపు భాగం కంటే పొట్ట భాగం ఎక్కువ సాగుతుంది. అందుకని 10 సెం.మీ. ముక్క కోసి, తడిపి, రంధ్రాలు పొడిచి నిజంగా కుట్టి చూడండి. ఆ గంట పనికి వెనకాడితే మొత్తం తోలు వృథా కావచ్చు. అంచులు శ్రమ లేకుండా కలిస్తే 2 మి.మీ. తగ్గించండి. ఎంత లాగినా సందు మిగిలితే 1 లేదా 2 మి.మీ. పెంచండి.

పొడవు ఎలా లెక్కపెట్టాలి? బయటి చుట్టుకొలతా, లోపలిదా?

ఇక్కడే చాలామంది తికమక పడతారు. బయటి వ్యాసం 914 మి.మీ. (36 అంగుళాలు), గొట్టం 25 మి.మీ. ఉన్న చక్రానికి బయటి చుట్టుకొలత 2871 మి.మీ., లోపలిది 2714 మి.మీ. తేడా దాదాపు 157 మి.మీ. తోలు పట్టీ మధ్యభాగం బయటి వైపు, రెండు అంచులు లోపలి వైపు వస్తాయి. అంటే ఒకే పట్టీ మధ్యలో సాగాలి, అంచుల్లో కుదించుకోవాలి. అందుకని గొట్టం నడిమి గీత చుట్టుకొలతను తీసుకోండి, ఈ చక్రానికి 2793 మి.మీ. బయటి కొలతకు కోస్తే కుట్టు వెంట ముడతలు లేస్తాయి. లోపలి కొలతకు కోస్తే చివరి చువ్వ దగ్గర తోలు అందదు.

ఒకే పొడవాటి పట్టీ కావాలా, ముక్కలు చేయవచ్చా?

దాదాపు 3 మీటర్ల తోలు ఒకే పట్టీగా దొరకడం కష్టం, దొరికినా ఒకే దారంతో కుట్టడం ఇంకా కష్టం. చువ్వ నుంచి చువ్వకు ఒక ముక్క, లేదా రెండు చువ్వలకు ఒక ముక్క చేసుకోండి. అతుకు సరిగ్గా చువ్వ ఎదురుగా రావాలి. చేయి జారుతూ పోయే చోట అతుకు ఉంటే కొన్నాళ్లకు అంచు లేస్తుంది. చువ్వ లోపలి వైపున కలుస్తుంది కాబట్టి పట్టీ రెండు అంచుల్లోనూ ఆ చోట అరచంద్రాకారపు గాటు పెట్టాలి. గాటు చిన్నదిగా మొదలుపెట్టి, పెట్టి చూసి, కొద్దికొద్దిగా పెంచండి.

రంధ్రాలు ఎంత దూరంలో పొడవాలి?

అంచు నుంచి 3 మి.మీ. లోపలికి, ఒకదానికొకటి 5 మి.మీ. దూరంలో. ముళ్ల గరిటెలా ఉండే తోలు పంచ్ దొరికితే దూరం తప్పదు. ఆరెతో పొడిచేవారు ముందు గీత గీసుకోవాలి. రెండు అంచుల్లోనూ రంధ్రాల సంఖ్య ఒకటే ఉండాలి. ఒక్క రంధ్రం తేడా వచ్చినా ముక్క చివర తోలు మెలిపడుతుంది. పొడిచాక రెండుసార్లు లెక్కపెట్టండి.

## కుట్టు

ఏ దారం వాడాలి, ఎంత పొడవు తీసుకోవాలి?

మైనం పట్టించిన పాలిస్టర్ దారం, 0.8 నుంచి 1 మి.మీ. మందం. నూలు దారం ఉప్పునీటికి కుళ్లుతుంది. నైలాన్ సాగుతుంది, ఎండకు పాలిస్టర్ కంటే త్వరగా బలహీనపడుతుంది. కుట్టు పొడవుకు ఆరేడు రెట్లు తీసుకోండి. ఆరు చువ్వల చక్రంలో ఒక్కో ముక్క 46 సెం.మీ. ఉంటే దారం 3 మీటర్లు. రెండు కొసలకూ రెండు మొద్దు సూదులు ఎక్కించాలి. పదునైన సూది పక్క దారాన్ని చీలుస్తుంది.

తోలును తడపడం తప్పనిసరా? ఎంతసేపు?

లోహపు చక్రానికి సహజమైన తోలైతే తడిపే కుట్టండి. గోరువెచ్చని మంచినీటిలో 20 నిమిషాలు నానబెట్టి, తువ్వాలులో చుట్టి నొక్కి నీరు తీయండి. చేతికి చల్లగా తగలాలి, నీరు కారకూడదు. ఒక్కసారి ఒక ముక్కనే నానబెట్టండి. కింద రెండువైపులా అంటుకునే టేపు వేయాలనుకుంటే తోలు పొడిగా ఉండాలి, తడి తోలును టేపు పట్టదు. రెండింటిలో ఒకటి ఎంచుకోండి.

కుట్టు ఎలా వేయాలి?

క్రికెట్ బంతిని మరచిపోయి బేస్‌బాల్ బంతిని గుర్తు చేసుకోండి, కుట్టు అలా అడ్డదిడ్డంగా దాటుతూ రావాలి. మొదటి జత రంధ్రాల్లో లోపలి నుంచి పైకి రెండు సూదులూ తీసి దారం సమానం చేయండి. ఆ తర్వాత ప్రతి సూదీ రెండు అంచుల మధ్య సందులోంచి కిందికి దిగి, ఎదుటి అంచులోని తర్వాతి రంధ్రం గుండా పైకి రావాలి. ఎడమ సూది కుడికి, కుడి సూది ఎడమకు. మొదట ఏ సూది దాటిందో ప్రతిసారీ అదే ముందు దాటాలి.

ఒక్కో కుట్టునూ చివరిదాకా లాగవద్దు. నాలుగైదు కుట్లు వదులుగా వేసి, తర్వాత మొదటి దాని నుంచి వరుసగా బిగించుకుంటూ రండి. అంచులు నెమ్మదిగా దగ్గరై ముద్దు పెట్టుకున్నట్టు ఆనాలి, ఒకదాని మీదికి ఒకటి ఎక్కకూడదు. చూపుడు వేళ్లకు టేపు చుట్టుకోకపోతే రెండో ముక్కకే దారం చర్మాన్ని కోస్తుంది. చివర రెండు కుట్లు వెనక్కి వేసి, దారాన్ని దగ్గరగా కోసి, కొసను వేడి చూపి కరిగించి లోపలికి నొక్కండి.

కుట్టు గీత మెలిక తిరిగిపోతోంది. ఎందుకు?

ఒక చేయి ఇంకో చేతికంటే గట్టిగా లాగుతోంది. కుడిచేతివాటం వారి గీత కుడికి జరుగుతుంది, అది సహజం. గొట్టం లోపలి వైపు మధ్యగా మార్కర్‌తో గీత గీసుకుని, పది కుట్లకు ఒకసారి సరిచూసుకోండి. జరిగి ఉంటే, తోలు తడిగా ఉన్నంతవరకు రెండు చేతులతో పట్టి గుడ్డ పిండినట్టు వెనక్కి తిప్పవచ్చు. ఆరిన తర్వాత కదలదు.

కుట్టాక హెయిర్ డ్రయర్‌తో ఆరబెట్టవచ్చా?

వద్దు. ఎండలో పెట్టడమూ వద్దు. త్వరగా ఆరిన తోలు రంధ్రాల దగ్గర చిరుగుతుంది. నీడలో, గాలి ఆడే చోట రెండు రోజులు వదిలేయండి.

## తిరిగి బిగించడం

ఇరుసుకు గ్రీజు రాయాలా?

ఇరుసునూ హబ్ రంధ్రాన్నీ మెత్తని స్కాచ్ పీచుతో శుభ్రం చేసి, లానోలిన్ లేదా సముద్రానికి వాడే గ్రీజు అతి పలచగా రాసి గుడ్డతో తుడిచేయండి. కంటికి కనపడీ కనపడని పొర చాలు, మరోసారి చక్రం తీసేటప్పుడు అదే మిమ్మల్ని కాపాడుతుంది. కీ తన గాడిలో కదలకుండా కూర్చోవాలి. వేలితో ఊపితే ఊగుతుంటే కొత్తది వేయండి, బలం మోసేది ఆ చిన్న ముక్కే.

బిగించాక ఏమేం పరీక్షించాలి?

కింగ్ స్పోక్ పైకి ఉన్నప్పుడు చుక్కాని మధ్యలో ఉందా చూడండి. చక్రాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పండి, కొత్త తోలు ఎక్కడా పెడెస్టల్‌కు రాసుకోకూడదు. అంచు పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపితే హబ్ దగ్గర కదలిక ఉండకూడదు. మొదటి ప్రయాణం తర్వాత నట్టును మరోసారి బిగించండి, కోసు ఇరుసు మీద హబ్ ఇంకాస్త లోపలికి కూర్చుని ఉంటుంది.

## తర్వాతి రోజుల్లో

తోలుకు నూనె ఎంత తరచుగా రాయాలి?

చాలామంది రాసేదానికంటే తక్కువగా. తోలు ఎక్కువ నూనె తాగితే మెత్తబడి సాగుతుంది, కుట్టు వదులవుతుంది, బట్టలకు మరకలు అంటుతాయి. ప్రయాణం నుంచి వచ్చాక మంచినీటిలో తడిపిన గుడ్డతో ఉప్పు తుడవండి. పొడిబారినట్టు కనిపించినప్పుడు మాత్రమే తోలు క్రీము పలచగా రాయండి. అన్నిటికంటే మేలు చేసేది చక్రానికి తొడిగే గుడ్డ కవరు. తోలును చంపేది ఎండే.

బూజు పట్టింది. తోలు పారేయాలా?

అక్కర్లేదు. సగం వినిగర్, సగం నీరు కలిపి గుడ్డతో తుడిచి నీడలో ఆరనివ్వండి. గాలి ఆడని ప్లాస్టిక్ కవరు తొడుగుతుంటే ముందు దాన్ని మార్చండి.

మిగిలిన తోలు, దారం ఏం చేయాలి?

ఒక చువ్వ నుంచి ఇంకో చువ్వకు సరిపడే ముక్క కోసి, రంధ్రాలు పొడిచి, 3 మీటర్ల దారం, రెండు సూదులతో కలిపి గుడ్డ సంచిలో పడవలోనే ఉంచండి. గొట్టం కొలత, పట్టీ వెడల్పు, రంధ్రాల సంఖ్య ఒక చీటీ మీద రాసి అదే సంచిలో పెట్టండి.